కుండను పరీక్షించువాడు

ధ్యాన భాగములు: 2 రాజులు 4:38–41, ఆమోసు 8:4–6, లూకా 3:12–14



ప్రభువు తన శిష్యులకు నేర్పిన ప్రార్థనలో ఆ దినమునకు కావలసిన ఆహారమును తండ్రిని అడుగుమని చెప్పెను. ఆ మనవిని మనము ఉదయ సాయంకాలములు చేయుచున్నాము. దేవుడు దానికి ఉత్తరమిచ్చునప్పుడు మనకు ఆకాశమునుండి మన్నా కురిపించుట లేదు. మనుష్యుల చేతులమీదుగా పంపుచున్నాడు. దున్నిన రైతు చేయి, నాటిన కూలివారి చేయి, మిల్లులో మరపట్టిన చేయి, మూట మోసిన కళాసీ చేయి, కొట్టులో తూచిన చేయి, పొయ్యిమీద వండిన తల్లి చేయి, ఇన్ని చేతులు దాటి అన్నము మన కంచములోనికి వచ్చును. వీటి మధ్య మనము తలంచని చేయి ఒకటి కలదు. అది ఆహారమును పరీక్షించు ప్రభుత్వోద్యోగి చేయి. చట్టములో ఆయన పేరు ఆహార భద్రతా అధికారి. సంతలోను కొట్లలోను ఆయనను ఫుడ్ ఇన్స్పెక్టరుగారందురు. ఆ ఉద్యోగమును గూర్చి ఈ నెల వాక్యపు వెలుగులో ధ్యానింతము.

గిల్గాలులో కరవు కాలమున ప్రవక్తల శిష్యులకు ఒక పెద్ద కుండ పొయ్యిమీద పెట్టబడెను. ఒకడు పొలములోనికి పోయి, అడవి తీగెకు కాసిన కాయలను ఒడినిండ కోసికొని వచ్చి, అవి ఎట్టివో తెలియకయే తరిగి కుండలో వేసెను. వడ్డించిన తరువాత, తినుచున్నవారు అందులో మరణమున్నదని కేకలు వేసిరి. ఎలీషా పిండి తెప్పించి కుండలో వేయించెను. అప్పుడు ఆ వంటకము జనులు తినదగినదాయెను. ఈ చిన్న కథలో మూడు సంగతులు గమనింపుడి. కాయలు వేసినవాడు దుష్టుడు కాడు, తెలియనివాడు. రుచి చూచినవారు మొగమాటపడి ఊరకుండలేదు, కేక వేసిరి. దైవజనుడు కుండను పగులగొట్టలేదు, దానిని బాగుచేసెను.

ఆమోసు ప్రవక్త చూపించు వర్తకులు వేరు. వారు తెలిసి చేయుదురు. అమావాస్య పండుగ ఎప్పుడు తీరునా, విశ్రాంతిదినము ఎప్పుడు గడచునా, కొట్టు ఎప్పుడు తెరతుమా అని గుడిలో కూర్చుండియే లెక్కవేసికొందురు. కొలత చిన్నది, వెల పెద్దది, త్రాసు దొంగది. పైగా గోధుమలలో తాలు కలిపి బీదవానికి అమ్ముదురు. యెషయా కూడ తన గ్రంథము మొదటి అధ్యాయములోనే, నీళ్లు కలిసిన ద్రాక్షారసమును యెరూషలేము పాపమునకు గురుతుగా చెప్పెను. కాబట్టి కల్తీ అనునది నేటి నాగరికతతో పుట్టిన పాపము కాదు.

మన దేశపు చట్టములు కూడ ఈ రెండు కుండలను ఒకదాని తరువాత ఒకటిగా గుర్తించినవి. మన ప్రాంతము మద్రాసు రాజధానిలో ఉన్న కాలమున, 1918 లోనే కల్తీ నిరోధమునకు చట్టము చేయబడెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1954 లో దేశమంతటికి ఆహార కల్తీ నిరోధక చట్టము కలిగెను. అది 1955 జూను 1 నుండి అమలైనది. దాని పేరులోనే కల్తీ యున్నది. అనగా అది ముఖ్యముగా ఆమోసు చూచిన వర్తకుని వెదకెను. తరువాత 2006 లో ఆహార భద్రత, ప్రమాణముల చట్టము చేయబడి, 2011 ఆగస్టు 5 నుండి అమలునకు వచ్చెను. ఇది గిల్గాలు కుండను కూడ చూచుచున్నది. మోసముచేత గాని, మురికిచేత గాని, తెలియనితనముచేత గాని, ఏ దారిని వచ్చినను ఆహారములోని హానిని ఆపవలెనని దీని ఉద్దేశము.

ఇప్పుడు మన సాలూరు వైపు చూతము. ఈ ఊరు 1950 నుండి శ్రీకాకుళము జిల్లాలోను, 1979 నుండి విజయనగరము జిల్లాలోను ఉండి, 2022 లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరెను. జిల్లా పేరు మూడు మారులు మారినను, ఏజెన్సీ కొండలనుండి బరువు తలపై పెట్టుకొని దిగివచ్చు తల్లి నడక మారలేదు. పసుపు, అల్లము, చింతపండు, అనాసపండ్లు ఆమె తెచ్చును. ఉప్పు, నూనె, పప్పు, పిల్లలకు మిఠాయి కొనుక్కొని పోవును. పైగా మన సాలూరు లారీల ఊరు. ఇక్కడ కట్టిన మూట ఘాటురోడ్డెక్కి సుంకి దాటి కోరాపుటు చేరును. అక్కడి సరకు మన వీధికి దిగును. కనుక ఇక్కడ ఒక డబ్బాలో కలిపినది, మనమెన్నడు ముఖము చూడని బిడ్డ నోటిలో పడవచ్చును.

ఆ తల్లి తాను కొన్న నూనెలో ఏమున్నదో ఎట్లు ఎరుగును? ఆమె చేతిలో ప్రయోగశాల లేదు. సీసామీది అక్షరములు చాలమంది చదువలేరు. ధనవంతుడు అనుమానము వచ్చిన వస్తువును పారవేసి వేరొకటి కొనగలడు. బీదవాడు నమ్మకముతో తినును. ఆ నమ్మకమునకు కావలికాడుగా ఉంచబడినవాడే ఈ అధికారి. అందువలన ఇది నెలజీతపు కొలువు మాత్రమే కాదు; పొరుగువానిని ప్రేమించుమను ఆజ్ఞను ప్రతిదినము నెరవేర్చుటకు దొరికిన స్థలము.

ఈ పనిలో ఉన్నవానికి మూడు గుణములు కావలెను.

మొదటిది, సత్యము చెప్పు నోరు. గిల్గాలులో తినుచున్నవారు ప్రవక్త గౌరవము పోవునని ఊరకున్నయెడల అందరు చనిపోయియుందురు. పసుపులో రంగు నిచ్చుటకు కలుపు సీసపు క్రోమేటు అను పదార్థము చూపునకు బంగారమువలె ఉండును గాని, సీసము పిల్లల మెదడును చెరుపును. బలురక్కసి అనియు బ్రహ్మదండి అనియు పిలువబడు ముండ్లమొక్క గింజలు ఆవగింజలను పోలియుండును. ఆ నూనె ఆవనూనెలో కలియుటవలన 1998 లో ఢిల్లీలో జనులకు కాళ్లు వాచి, ఊపిరాడక, 60 మందికి పైగా మరణించిరి. 2013 జూలైలో బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని గండామన్ గ్రామములో, వంటనూనెలో పురుగులమందు కలిసినందున బడిలో మధ్యాహ్న భోజనము చేసిన 23 మంది పిల్లలు చనిపోయిరి. ఈ కుండలన్నిటి చుట్టు, ముందుగా కేక వేయవలసినవారు ఉండిరి. సత్యము ఆలస్యమైన చోట సమాధులు ముందుగా సిద్ధమగును.

అయితే సత్యము చెప్పుట అనగా తొందరపడి నింద వేయుట కాదు. లేవీయకాండము 13 వ అధ్యాయములో యాజకుడు ఒకని దేహముమీది మచ్చను చూచును. సందేహమున్నయెడల వెంటనే తీర్పు చెప్పడు; ఏడు దినములు ఆగి మరల చూచును. కుష్ఠు మందులతో నయమగు వ్యాధియేనని, దానికి సిగ్గుపడనక్కర లేదని, మన సాలూరులోని ఫిలదెల్ఫియా ఆసుపత్రి ద్వారా మనమెరుగుదుము. అయినను యాజకుడు చూపిన ఆ ఓర్పు నేటికిని పాఠమే. ఒక మనుష్యుని పేరును చెరుపుటకు ముందు బాగుగా చూడవలెను.

నేటి చట్టములోను ఇటువంటి ఓర్పు కలదు. అధికారి కొట్టులో నమూనా తీసికొనునప్పుడు దానిని ఊరకనే ఎత్తుకొనిపోరాదు. అందరికి అమ్ము ధర చెల్లించవలెను. సాక్షిని పిలిచి సంతకము తీసికొనవలెను. నమూనాను నాలుగు భాగములు చేసి ముద్ర వేయవలెను. ఒక భాగము ఆహార విశ్లేషకునికి పోవును. రెండు భాగములు పై అధికారియొద్ద భద్రముగా ఉండును. నాలుగవ భాగమును, వర్తకుడు కోరినయెడల, గుర్తింపు పొందిన వేరొక ప్రయోగశాలకు పంపవలెను. విశ్లేషకుడు 14 దినములలో తన నివేదిక ఇయ్యవలెను. దానికి ఒప్పుకొననివాడు అప్పీలు చేసికొనవచ్చును. ఒక్కని మాటమీద కాక, ఇద్దరు ముగ్గురు సాక్షుల మాటమీద సంగతి స్థిరపడవలెనని ద్వితీయోపదేశకాండము 19 లో మోషే చెప్పిన న్యాయమునకు ఇది ఎంత సమీపముగా ఉన్నది! ముద్ర సరిగా వేయని అధికారి దోషిని తప్పించును. లేక నిర్దోషిని పట్టించును. కావున లక్క కరగించి ముద్ర వేయుట కూడ దేవుని యెదుట చేయు పనియే.

రెండవది, ఏమియు పుచ్చుకొనని చేయి. లంచము చూపుగలవారికి గ్రుడ్డితనము కలుగజేయునని నిర్గమకాండము 23:8 బోధించుచున్నది. కన్నుతో బ్రదుకు ఇన్స్పెక్టరునకు ఇంతకంటె తగిన మాట మరి యేది? ఆయన కన్నే ఆయన పనిముట్టు. ఆ కన్నును కొనుటకు లోకము ఎన్ని వేషములు వేయును! ఒకనాడు మిఠాయి పొట్లము, ఒకనాడు పండుగ మామూలు, ఒకనాడు పిల్లవాని ఫీజు. మొదట పుచ్చుకొన్నది చిన్నదే. కాని ఆ దినమునుండి ఆ కొట్టు గుమ్మము దాటినప్పుడు ఆయన కన్నులు నేలమీదికి దిగును. నేలచూపులు చూచువాడు బల్లమీద ఏమున్నదో ఎట్లు చూడగలడు?

మోషేకు సహాయకులను ఏర్పరచుకొనుమని యిత్రో చెప్పినప్పుడు, సామర్థ్యము, దైవభయము, సత్యాసక్తి, లాభమునందు అసహ్యము అను నాలుగు గుర్తులు చెప్పెను. సామర్థ్యము పరీక్ష వ్రాసి చూపవచ్చును. తక్కిన మూడును కొట్టు లోపల, తలుపు వేసిన తరువాత, కవరు బల్లమీదికి వచ్చినప్పుడు తెలియును. సమూయేలు ముసలివాడై, నేను ఎవని ఎద్దునైనను తీసికొంటినా, ఎవనియొద్దనైనను లంచము పుచ్చుకొంటినా చెప్పుడని జనులందరి యెదుట నిలిచి అడిగెను. వారు లేదనిరి. పింఛను తీసికొను దినమున ఆ ప్రశ్నను సంతలో నిలిచి అడుగగలిగిన ఉద్యోగి ధన్యుడు.

పరీక్ష బయటివారినుండి మాత్రమే రాదు. సంఘములోనుండియు వచ్చును. యౌవనస్థుడొకడు చదివి ఈ ఉద్యోగమునకు పోయినప్పుడు మనము సంతోషించి, కృతజ్ఞత కూడిక పెట్టించి, దండవేయుదుము. మరుసటి నెలలో పెద్దమనిషి ఒకడు భుజముమీద చేయివేసి, "మనోళ్ల కొట్టే గదేటి బాబూ, ఈ ఒక్కమారు సూసీసూడనట్టు ఒగ్గీ" అనును. ఆ మాటలో పాపమున్నట్లు వినబడదు, బంధుప్రీతివలె వినబడును. కాని సహోదరులారా, వానిచేత కన్ను మూయించుటకు మనము అడిగినయెడల, ప్రార్థించి పంపిన వానిని మనమే అమ్మివేసినవారమగుదుము. సుంకరులు బాప్తిస్మమిచ్చు యోహానునొద్దకు వచ్చి, మేమేమి చేయవలెనని అడిగినప్పుడు, అతడు కొలువు మానివేయుడని చెప్పలేదు. నిర్ణయించినదానికంటె ఎక్కువ తీసికొనవద్దని చెప్పెను. దేవునికి కొలువులో ఉన్న యథార్థపరుడు కావలెను.

మూడవది, బాగుచేయు హృదయము. ఇక్కడ ఈ ఉద్యోగికి నిజమైన కష్టము కలదు. బస్సుస్టాండునొద్ద బజ్జీలు వేయు విధవరాలున్నది. నూనె నల్లబడినది. రెండుమూడు మారులు కాచిన నూనెనే ఆమె మరల పోసినది. అది పారవేసినయెడల ఆనాటి లాభము పోవును. ఇంట పిల్లలు పస్తుందురు. పారవేయనియెడల తిన్నవారికి కీడు. అధికారి యేమి చేయవలెను? బీదరాలని విడిచిపెట్టుట దయయేనా?

లేవీయకాండము 19:15 న్యాయాధిపతితో రెండు మాటలు చెప్పుచున్నది. బీదవాడని పక్షము వహింపరాదు. గొప్పవాడని మొగము చూడరాదు. ఆ బజ్జీలు కొనువారును బీదలేయని మరువరాదు. విధవరాలిమీద జాలిపడి కూలివాని కడుపును మరచినది పూర్తి దయ కాదు. అయితే బజ్జీలబండి యొద్ద గర్జించి, పెద్ద గోదాము గుమ్మమున చేతులు నలుపుకొనుట దేవునికి అసహ్యము. చిన్న చేప పట్టుబడి తిమింగిలము తప్పుకొను వల ఎవని చేతిలో ఉన్నదో ప్రభువు చూచుచున్నాడు.

మరి మార్గమేది? ఎలీషా చూపెను. కుండను పగులగొట్టక దానిలో పిండి వేయించెను. చట్టములోను అటువంటి పిండి కొంత కలదు. దిద్దుకొనుటకు నోటీసు ఇచ్చి, 14 దినములకు తక్కువ కాని గడువు నిచ్చు ఏర్పాటు అందులో ఉన్నది. చిన్న వ్యాపారికి కొన్ని విషయములలో జరిమానా తక్కువ. అంజూరపు చెట్టును నరుకుమన్నప్పుడు, తోటమాలి ఇంకొక యేడు గడువు అడిగి, చుట్టు త్రవ్వి ఎరువు వేయుదునని చెప్పిన ఉపమానము లూకా 13 లో ఉన్నది. గడువిచ్చి ఊరకుండలేదు, త్రవ్వెదనని చెప్పెను. అట్లే మంచి అధికారి నల్లని నూనెను ఆ దినమే పారబోయించును. నూనె ఎప్పుడు మార్చవలెనో, వార్తాపత్రిక సిరా ఎందుకు అంటరాదో, మూతలేని గిన్నెమీద ఈగ యేమి తెచ్చునో కూర్చుండి చెప్పును. చెప్పిన దినమునకు తిరిగి వచ్చి చూచును. తెలియక చేసినవానికి బోధ, తెలిసి చేసినవానికి శిక్ష. హానికరమైన ఆహారమువలన ప్రాణము పోయినయెడల ఏడేండ్లకు తక్కువ కాకుండ యావజ్జీవము వరకు ఖైదును, 10 లక్షల రూపాయలకు తక్కువ కాని జరిమానాయు ఈ చట్టము విధించుచున్నది. అధికారికిని త్రాసు కలదు. ఆధారము లేకుండ వర్తకుని వేధించిన అధికారికి లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చును. తీర్పు తీర్చువాడును తీర్పు క్రిందనే ఉన్నాడు.

ప్రియులారా, ఇంతవరకు ఇతరుల కుండను చూచితిమి. ఇప్పుడు మన కుండను చూతము. 2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలము కైలాసపట్నములో, ప్రభువు నామమున నడుపబడుచున్న ఒక వసతిగృహములో చెడిన ఆహారము తిని పిల్లలు మరణించిరి. కొండ గ్రామములనుండి చదువుకొరకు వచ్చిన పసివారు వారు. 2025 అక్టోబరులో మన జిల్లాలోనే, కురుపాములోని గిరిజన బాలికల గురుకుల పాఠశాలలో కామెర్లు వ్యాపించి అనేకమంది బాలికలు ఆసుపత్రుల పాలైరి. ఎవరిని నిందించుటకో వీటిని వ్రాయుట లేదు. భక్తి ఉన్నంతమాత్రమున కుండ శుద్ధి కాదని నేర్చుకొనుటకు వ్రాయుచున్నాము. గిల్గాలులో వండినది ప్రవక్తల శిష్యులకొరకే. అయినను మరణము కుండలోనికి ప్రవేశించెను. ప్రార్థన చేసి తిందుము గదాయని మనము వంటశాలను విడిచిపెట్టరాదు.

కాబట్టి మన సంఘములలో క్రిస్మసు విందులు, పెండ్లి భోజనములు, ఉజ్జీవ కూటములు జరుగునప్పుడు ఈ సంగతులు జ్ఞాపకముంచుకొందము. వంటకు ముందు చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. త్రాగు నీరు కాచవలెను. పురుగులమందు ఉంచిన డబ్బాలో, ఎంత కడిగినను, నూనె గాని బియ్యము గాని పోయరాదు. కళాయి లేని ఇత్తడి పాత్రలో పులుసు కాచరాదు. మధ్యాహ్నపు విందులో మిగిలి వేడిలో పడియున్న కూరను రాత్రికి అనాథ పిల్లలకు పంపి దానధర్మమని పిలువరాదు. మన పిల్లలకు పెట్టనిది ప్రభువు పిల్లలకు పెట్టరాదు. గ్లాసెడు నీళ్లలో చిటికెడు పసుపు వేయుడి. ముదురు రంగు చిమ్మినయెడల అనుమానించుడి. కారపు పొడి వేసి చూడుడి; ఇటుకపొడి కలిసినయెడల అడుగున చేరును. నున్నని వాలు పలకమీద పాలచుక్క వేయుడి. చిక్కని పాలు తెల్లని చార విడుచుచు మెల్లగా జారును, నీరు కలిసినవి జాడలేక పరుగెత్తును. ఇంకను అనుమానమున్నయెడల, కొన్న వస్తువును రుసుము చెల్లించి విశ్లేషణ చేయించుకొను హక్కు ప్రతి కొనుగోలుదారునికి చట్టము ఇచ్చినది. తప్పు తేలినయెడల ఆ రుసుము తిరిగి ఇత్తురు.

మనలో కొట్టు పెట్టుకొన్నవారు, పాలు పోయువారు, హోటలు నడుపువారు ఉన్నారు. వారికి ఒక్క మాట. ఇన్స్పెక్టరు సంవత్సరమునకు ఎన్ని మారులు రాగలడు? ఆయన రాని దినములలో కొట్టులో నిలుచున్నది ఎవరు? ఆయనకు తెలియకుండ పాలలో పోసిన చెంబెడు నీళ్లు, నీళ్లను ద్రాక్షారసముగా మార్చిన ప్రభువునకు తెలియవా? ఆదివారము బల్లలో పాలుపొందిన చేయియే సోమవారము త్రాసు పట్టును. రెండు చేతులు మనకు లేవు.

ఈ ఉద్యోగములో ఉన్న మన యౌవనస్థులకును, ఏ మతమువారైనను నీతితో ఈ పని చేయువారందరికిని సంఘము బలముగా ఉండవలెను. వారికి శత్రువులు ఎక్కువ, మెచ్చుకొనువారు తక్కువ. వారి పని సఫలమైనప్పుడు ఏమియు జరుగదు: జ్వరము రాదు, పిల్ల చావదు, పత్రికలో వార్త పడదు. రాని కీడునకు ఎవరును కృతజ్ఞత చెప్పరు. అందుచేత వారి పేర్లు మన ప్రార్థనలలో ఉండనిమ్ము. వారిని చూచినప్పుడు మొగము తిప్పుకొనక, కొట్టు తలుపు తెరచి చూపుదము.

ప్రార్థింతము: పరలోకపు తండ్రీ, మా దినాహారమునకై స్తోత్రము. దానిని పండించువారిని, మోయువారిని, అమ్మువారిని, వండువారిని దీవింపుము. దానిని పరీక్షించువారికి తేటయైన కన్నును, శుద్ధమైన చేతిని, కనికరముగల హృదయమును అనుగ్రహింపుము. మా కుండలోనుండి మరణమును తీసివేయుము. కొండనుండి దిగివచ్చు తల్లి నమ్మి కొన్నది ఆమె బిడ్డకు బలమగునట్లు మమ్మును నమ్మదగినవారినిగా చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.